'గారు' చేర్చే కళ్ళజోడు

డాక్టర్ కోదండపాణి తిట్లకు సాగరపేట పెద్దాసుపత్రిలో ఒక కొలమానం ఉండేది. రోగిని సరిగ్గా అడగకుండా వచ్చినవాడు దున్నపోతు. అడిగినా, చెయ్యి పెట్టి చూడకుండా వచ్చినవాడు గాడిద. చూసి కూడా ప్రాణం మీదికి తెచ్చేలా ఉన్నవాడు హంతకుడు. మొదటి రెండూ వార్డులో పొద్దుట్నుంచీ ఎగురుతూనే ఉండేవి కనుక వాటికి ఎవరూ పెద్దగా నొచ్చుకునేవారు కాదు. మూడోది అరుదు. థియేటర్లో "హంతకుడా!" అని వినబడిందంటే కత్తి పట్టిన చెయ్యి దానంతటదే ఆగిపోయేది. పక్క బల్ల దగ్గర వేరే యూనిట్ వాళ్ళ చేతులు కూడా ఆగిపోయేవని చెప్పుకునేవారు.

అలాంటి మనిషికి ఉద్యోగం చివర్లో ఒక కళ్ళజోడు వచ్చి పడింది.

దాన్ని తెచ్చినవాడు నౌషాద్ అనే కుర్ర ఇంజనీరు. గుంటూరువాడు. మనిషి సన్నగా, మాట మెత్తగా ఉంటాడు. ఈతగాళ్ళ అద్దాల్లా మొహానికి సగం పట్టే ఆ యంత్రాన్ని కోదండపాణి తలకు బిగించి, వార్డులో ఒక ఖాళీ మంచం పక్కన నిలబెట్టాడు.

"ఇప్పుడు చూడండి సార్."

ఖాళీ మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. పక్కన తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, ఆమె మొహానికీ ఇలాంటి అద్దాలే. కోదండపాణి ఉలిక్కిపడి వెనక్కి జరిగి, నిజంగా ఉన్న స్టూలును తన్నుకున్నాడు.

"వాళ్ళు కొండదేవరంలో ఉన్నారు సార్. వాళ్ళ మాటలు స్పీకర్లో ఇక్కడ అందరికీ వినిపిస్తాయి. మీరు కూడా ఆ అమ్మాయికి మంచం అవతల నిలబడ్డట్టే కనిపిస్తున్నారు. వేలితో గీత గీయండి."

కోదండపాణి ముసలాయన పొట్ట మీద గాలిలో ఒక గీత గీశాడు. పచ్చటి వెలుగు గీత పడింది. అక్కడ ఆ అమ్మాయి సరిగ్గా ఆ గీత మీద వేళ్ళు ఆన్చింది.

"ఎవరితోనమ్మా మాట్టాడతన్నావ్?" అన్నాడు ముసలాయన అనుమానంగా.

"పెద్ద డాక్టరుగారు తాతా. ఇదిగో, ఇక్కడున్నారు."

ముసలాయన ఆమె చూపించిన శూన్యంలోకి కాసేపు చూసి, ఎందుకైనా మంచిదని దండం పెట్టాడు.

ఆ అమ్మాయి పేరు డాక్టర్ సోడె మంజుల. కొత్తగా సర్జరీ పాసైంది. కొండదేవరం ఏజెన్సీ ఊరు. ఆ ఆసుపత్రికి వెయ్యక వెయ్యక వేసిన సర్జన్లందరూ బదిలీ కాగితం చేతికి రాకముందే మూట కట్టేవాళ్ళు. మంజుల ఆ చుట్టుపక్కల పిల్లే కనుక నిలిచింది. చదువుంది గానీ చెయ్యి ఇంకా తిరగలేదు. వర్షాకాలంలో పాలవాగు పొంగితే అటు మనిషి ఇటు రాడు. కిందటేడు పగిలిన అపెండిక్సుతో ఒకతను వాగు ఒడ్డునే కన్నుమూశాడు. ఈసారి వాగు పొంగేలోపు ఈ అమ్మాయి తనంతట తాను కడుపు తెరిచి మూయగలగాలి. కోదండపాణి కళ్ళజోడుకు ఒప్పుకున్నది అందుకే.

పాఠాలు మొదలయ్యాయి. మంజులతో పాటు ఇంకో నాలుగైదు చోట్ల నుంచి కుర్ర డాక్టర్లు చేరారు. ఆయన రోజూ మంచం పక్కన నిలబడి, గాలిలో పొట్టలు తడుముతూ, గాలిలో ఉన్నవాళ్ళను అలవాటు ప్రకారం తిట్టేవాడు. వారం తిరిగేసరికి ఆయనకు ఒక సంగతి అంతుపట్టలేదు. ఎంత తిట్టినా వాళ్ళు నవ్వుతున్నారు! నవ్వి, "థాంక్యూ సార్" అంటున్నారు.

"కడుపు నొప్పని వచ్చిన ఆడమనిషిని చీర కుచ్చిళ్ళు కిందికి జరపకుండా చూస్తావా? గజ్జల్లో ఏముందో నీకు కల్లోకొచ్చి చెబుతుందా, గాడిదా?" అన్నాడొక రోజు మంజులను.

మంజుల మొహం విప్పారింది. "చాలా సంతోషం సార్," అంది సిగ్గుపడుతూ.

ఈ తరానికి చర్మం మందమనుకున్నాడాయన.

అసలు సంగతి కనిపెట్టింది శేషమాంబ. ఆవిడ కోదండపాణికి మేనత్త. ఆవిడ కూతురు ఇందుమతినే ఆయన చేసుకున్నాడు కనుక అత్తగారు కూడా. ఇందుమతి పోయి ఏళ్ళు గడిచాయి. ఇంట్లో మిగిలింది ఎనభై దాటిన ఈ అత్త, అరవై దాటిన ఈ అల్లుడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు కసురుకుంటూ చాలా సుఖంగా ఉన్నారు. సాయంత్రం పూట ఇంటి నుంచే పాఠం చెప్పడానికి వీలుగా నౌషాద్ ఒక జత కళ్ళజోళ్ళు ఇంట్లో కూడా పెట్టి వెళ్ళాడు. కళ్ళకు శుక్లాలు తీయించుకున్నాక శేషమాంబకు కొత్త వస్తువేదైనా పెట్టుకుని చూడాలని సరదా. ఒక సాయంత్రం అల్లుడు పెరటి గదిలో పాఠం చెబుతుండగా రెండో కళ్ళజోడు తగిలించుకుని హాల్లో పడక్కుర్చీలో కూర్చుంది.

రాత్రి పెరుగన్నం కలుపుకుంటుండగా అడిగింది.

"ఒరే కోదండం, ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం?"

"ఆ పిల్లని 'మంజుల గారూ' అన్నావు."

"నేనా? గాడిదా అన్నాను."

"నేను చెవులారా విన్నాను. 'డాక్టర్ మంజుల గారూ, మీ ప్రయత్నం ఎంతో అభినందనీయం. గజ్జల భాగాన్ని కూడా పరిశీలిస్తే మరింత శోభిస్తుంది' అన్నావు. అని నవ్వావు కూడాను. నిన్ను చూసి నాకు భయమేసింది. పోయే ముందు మనుషులు ఇలాగే మారతారట."

కోదండపాణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "శోభిస్తుంది? గజ్జలు శోభిస్తాయా? ఆ మాట నా నోట్లోంచి ఎలా వస్తుంది అత్తయ్యా?"

"గొంతు నీదే. కనుబొమ్మలు మాత్రం నీవి కావు. నీవి ఎప్పుడూ పైకి లేచి ఉంటాయి కదా. అందులో చక్కగా దువ్వి పడుకోబెట్టినట్టున్నాయి."

మర్నాడు నౌషాద్‌ను పిలిపించాడు. వాడు రెండు నిమిషాలు నీళ్ళు నమిలి ఒప్పేసుకున్నాడు.

"సౌమ్యం అంటాం సార్ దాన్ని. పాఠాలు మొదలుకాకముందే వార్డులో మీ తిట్లు విని మా పైవాళ్ళు హడలిపోయారు. ఎవరైనా కోర్టుకెక్కితే కంపెనీ మునుగుతుందన్నారు. అందుకని మధ్యలో ఒక జల్లెడ పెట్టాం. మీరు మెత్తగా అన్న మాట సూటిగా వెళ్ళిపోతుంది. గట్టిగా అన్న మాటైతే ఆపి, నానబెట్టి, రుబ్బి, పంచదార కలిపి పంపిస్తుంది. మీ గొంతుతోనే. చేతులు కూడా అంతే సార్. మీరు చెయ్యెత్తి మీదికెళ్ళబోతే అటు వేరేగా కనిపిస్తుంది."

"వేరేగా అంటే?"

నౌషాద్ నేల చూపులు చూశాడు. "నమస్కారం పెట్టినట్టు సార్."

వార్డులో సర్జరీ చదివే పీజీలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కుని నవ్వు ఆపుకున్నారు. కోదండపాణి వాళ్ళ వైపు తిరిగి, మధ్యలో ఏ జల్లెడా లేకుండా, దున్నపోతులను ఒక మందగా పిలిచాడు.

"తీసెయ్ దాన్ని," అన్నాడు నౌషాద్‌తో. "ఇప్పుడే."

"తీసేస్తాను సార్. కానీ ఒక్క మాట." వాడు గొంతు తగ్గించాడు. "మంజుల మేడమ్ నాతో ఒకసారి అన్నారు. చదువుకునేటప్పుడు వాళ్ళ కాలేజీలో ఒక సారు అందరి ముందూ అన్న మాటలకు సర్జరీ వదిలేసి ఇంటికెళ్ళిపోదామనుకున్నారట. 'ఈ సారు అలా కాదు, ఈయన గొంతు వింటే ధైర్యంగా ఉంటుంది, అందుకే కొండదేవరంలో ఉన్నాను' అన్నారు."

కోదండపాణి కళ్ళజోడును చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఈయనంటే నేనేనా?"

"మీరే సార్. అంటే, మీరూ మా సౌమ్యమూ కలిసి."

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ నడిచింది. తన తిట్టులో పాఠం ఉందని కోదండపాణి వాదన. గాడిదకీ హంతకుడికీ ఉన్న తేడా తెలియకపోతే కుర్రవాళ్ళకు చిన్న తప్పేదో పెద్ద తప్పేదో ఎలా తెలుస్తుంది? అన్నిటికీ ఒకే పంచదారైతే ఎలా?

"మరి ఇందు ఉన్నన్నాళ్ళూ ఆ పని అదే చేసేది కదరా," అంది శేషమాంబ, వత్తులు చేసుకుంటూ. "నువ్వు పొద్దున తిట్టినవాళ్ళందరినీ సాయంత్రం ఇంటికి పిలిచి ఉప్మా పెట్టేది. 'సారు మాట అంతేనమ్మా, రాత్రంతా మీ గురించే బెంగపడ్డారు' అని అబద్ధాలు చెప్పేది."

"అబద్ధమేం కాదు."

"ఏది?"

"బెంగపడ్డం."

శేషమాంబ వత్తి చెయ్యడం ఆపి అల్లుడి వైపు చూసింది. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అడక్కుండా అందులో ఉప్పు, నిమ్మాకు వేసి తెచ్చింది. ఇందుమతి పోయాక ఆ ఇంట్లో నిమ్మాకు వేసిన మజ్జిగ అదే మొదటిసారి.

జల్లెడ ఉండిపోయింది. ఒక్క షరతు మీద: అటు ఏం వెళుతోందో తన కళ్ళజోడులో ఓ మూల అక్షరాల్లో కనబడాలన్నాడు. నౌషాద్ అలాగే ఏర్పాటు చేశాడు.

ఆ ఏర్పాటే ఆయనను చెడగొట్టింది. మనిషికి తన నోటికి శిక్ష లేదని తెలిస్తే ఎక్కడ ఆగుతాడు? గాడిద దగ్గర మొదలుపెట్టినవాడు గాడిద వంశవృక్షం దాకా వెళ్ళాడు. ఎంత పెద్ద తిట్టు తిడితే మూలన అంత అందమైన వాక్యం పూసేది. అది చదువుకుని మురిసిపోవడం అలవాటైంది. ఒకసారి ఊపిరి బిగబట్టి ఏకబిగిన ఒక కుర్రాడిని తిడితే, మూలన పెళ్ళి శుభలేఖలాంటి పేరా వచ్చింది. దాన్ని అత్తగారికి చదివి వినిపించాడు కూడా.

కానీ తప్పులు తగ్గడం లేదు. తన పక్కన నిలబడి అసలు తిట్లు తినే వార్డు పీజీలు రెండోసారి అదే తప్పు చెయ్యరు. గాలిలో ఉన్నవాళ్ళు మూడోసారి, నాలుగోసారి అదే తప్పు చేస్తున్నారు, అదే నవ్వుతో. గజ్జలు చూడకపోవడం ప్రాణం మీదికొచ్చే తప్పని మంజులకు ఇంకా తెలియదు. అది 'మరింత శోభించే' పని అని మాత్రమే తెలుసు. కోదండపాణికి ఇది కనిపిస్తూనే ఉంది. రేపు తీయించేద్దామనుకునేవాడు. మర్నాడు పాఠానికి ముందు ఆ అమ్మాయి, "సార్, నిన్న మీరు చెప్పాక ఒక్కదాన్నే వరిబీజం ఆపరేషన్ చేశాను సార్!" అనేది. ఆ మొహం చూశాక తీయించబుద్ధయ్యేది కాదు.

ఆషాఢం రాకుండానే వానలు పట్టుకున్నాయి. పాలవాగు ఒక్క రాత్రిలో రోడ్డెక్కింది.

ఆ మధ్యాహ్నం మంజుల పిలిచినప్పుడు పాఠం వేళ కాదు. వార్డు దాదాపు ఖాళీగా ఉంది. కోదండపాణి కళ్ళజోడు పెట్టుకునేసరికి మంచం మీద నడివయసు మనిషి, కుంజా గంగమ్మ, పొట్ట కుండలా ఉబ్బి కనబడింది.

"రెండు రోజులుగా వాంతులు సార్. విరేచనం లేదు, గాలి పోలేదు. పొట్ట అంతా చూశాను. ఎక్కడా పాత కోత మచ్చ కూడా లేదు. సాగరపేట పంపిద్దామంటే వాగు..."

"కుచ్చిళ్ళు జరిపావా?" అన్నాడు. తిట్టడానికి కూడా ఊపిరి తీసుకోలేదు.

మంజుల ఆగింది. అప్పుడు జరిపింది. కుడి గజ్జ కింద, తొడ మొదట్లో, ఉసిరికాయంత గడ్డ.

"ఇది ఎప్పట్నుంచుందమ్మా?" అని అడిగింది గంగమ్మను.

"అదా? అది శానాళ్ళ నుంచి ఉన్నదే. కడుపు నొప్పి అన్నాను గానీ, తొడ నొప్పి అన్నానా? అడిగితే చెప్పేదాన్ని," అంది గంగమ్మ నీరసంగానే, అయినా తప్పు తనది కాదన్నట్టు.

పేగు మెలి ఆ సన్నటి సందులో ఇరుక్కుంది. దానికి రక్తం అందడం లేదు. సాయంత్రానికి చచ్చిపోతుంది పేగు. దాని వెనక గంగమ్మ. వాగు తగ్గేదాకా ఆగే వీలు లేదు.

"నేను చేస్తాను సార్," అంది మంజుల. "మీరుంటారు కదా?"

"ఉంటాను."

ఇంతవరకు కళ్ళజోడు మంచం దగ్గర పాఠాలకే. థియేటర్లోకి వెళ్ళడం అదే మొదలు. ఆ కంగారులో జల్లెడ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నౌషాద్ అప్పుడు ఏ రైల్లో ఉన్నాడో.

నడుముకు మత్తిచ్చారు కనుక గంగమ్మ మెలకువగానే ఉంది. మొహానికి అడ్డంగా కట్టిన గుడ్డ వెనక నుంచి ఉండి ఉండి ఏదో అడుగుతోంది. మంజుల గడ్డ మీద కోసి, పొరలు విప్పి, లోపలికి చేరింది. మొదట్లో తడుముకున్నా చెయ్యి కాసేపటికి కుదురుకుంది. 'ఫరవాలేదే' అనుకున్నాడు కోదండపాణి. పేగును పట్టి బిగించిన ఉంగరంలాంటి సందు కనిపించింది. దాన్ని కొంచెం కోసి వదులు చెయ్యాలి. కోస్తే లోపలి వైపే కొయ్యాలి. బయటి వైపు వేలెడు కూడా దూరం లేదు, తొడ నుంచి వచ్చే పెద్ద సిర ఉంటుంది. అది తెగితే ఆ ఆసుపత్రిలో ఉన్న రక్తం సరిపోదు.

కోదండపాణి జాగ్రత్తగా, లోపలి అంచు మీద పచ్చటి గీత గీశాడు. "ఈ గీత మీదే. అంతకు మించి వెంట్రుకవాసి కూడా వద్దు." మెత్తగానే చెప్పాడు. సూటిగా వెళ్ళింది.

"అలాగే సార్." మంజుల సన్నటి కత్తి అందుకుంది. నుదుటి చెమట తుడిపించుకోవడానికి సిస్టర్ వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడు గుడ్డ వెనక గంగమ్మకు దగ్గొచ్చింది. దగ్గి, "అమ్మా, అయిపోయిందా?" అంటూ పైకి జరగబోయింది. నడుం కింద మొద్దుబారి ఉన్నా భుజాలతో లాగేసరికి మనిషి వేలెడు పక్కకు ఒరిగింది.

మనిషి జరిగింది. గీత మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడది పచ్చగా, స్థిరంగా, సిర మీద మెరుస్తోంది.

మంజుల ఇటు తిరిగింది. గీతను చూసింది. గీత మీదికి కత్తి దించసాగింది.

"హంతకీ! ఆపు!"

ఆ కేక సాగరపేట వార్డంతా దద్దరిల్లింది. ఇటు సూది మందు ఎక్కిస్తున్న హౌస్ సర్జను చెయ్యి ఆగిపోయింది. మూలన తుడుస్తున్నావిడ చీపురు కింద పడేసింది. కొండదేవరంలో మంజుల చెయ్యి మాత్రం ఆగలేదు. కళ్ళజోడు మూల అక్షరాలు ఒక్కొక్కటే తీరిగ్గా పూస్తున్నాయి. *డాక్టర్ మంజుల గారూ, మీ చొరవ ఎంతో ముచ్చటగా...*

కోదండపాణి రెండు చేతులూ చాచి ఆమె చెయ్యి మీదికి దూకాడు. అటు తాను ఎలా కనిపిస్తున్నాడో అప్పుడు అర్థమైంది. మంజుల ఆయన వైపు ఒక్క క్షణం చూసి, తల వంచి, ప్రతినమస్కారంగా చిన్నగా నవ్వింది.

*...ఉంది. వీలు చూసుకుని ఒకసారి...*

కత్తికీ సిరకూ మధ్య గోరంత సందు.

ఆయనకు తెలిసిన మాటలన్నీ గట్టివే. ముప్పయ్యేళ్ళుగా ప్రాణాలు నిలబెట్టిన మాటలు. అవేవీ ఇప్పుడు వేళకు చేరవు. చేరాలంటే మెత్తటి మాట కావాలి. వేషం వేసిన మెత్తదనం కాదు. గొంతులో ఎక్కడా అరుపు మిగలకూడదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గొంతులోకి ఎగదన్నిన కేకను ఎక్కడికో మింగేశాడు.

"మంజులా... ఆగు తల్లీ. కత్తి పైకి తియ్యమ్మా."

సూటిగా వెళ్ళింది.

మంజుల చెయ్యి కొయ్యబారిపోయింది. అంతే. కత్తి గాలిలో నిలిచింది.

"గీత వంక చూడకు. నా మాట విను. వేలు పెట్టు అక్కడ. ఏముంది నాన్నా?"

"మెత్తగా... సార్, ఇది సిర సార్!"

"ఆవిడ జరిగింది, గీత జరగలేదు. తప్పు నీది కాదు. వేలు లోపలి వైపుకి పోనీ. గట్టిగా నులకతాడు అంచులా తగులుతుంది. తగిలిందా అమ్మా? ఆ, అది. నెమ్మదిగా."

ఉంగరం వదులైంది. పేగు మెలి బయటికొచ్చింది, ముదురు వంకాయ రంగులో. దాన్ని వేడినీటిలో తడిపిన గుడ్డలో చుట్టి ఊరికే నిలబడమన్నాడు. ఊరికే నిలబడటం నేర్పడం సర్జరీలో అన్నిటికంటే కష్టం. ఇద్దరూ నిలబడ్డారు, మధ్యలో నూట యాభై కిలోమీటర్ల వాన. గుడ్డ విప్పి చూస్తే వంకాయ రంగు పక్కన సన్నగా, సిగ్గుపడ్డట్టు, ఎరుపు. కాసేపటికి గులాబీ. ఆ తర్వాత పేగు మీద ఒక అల కదిలింది, నిద్రలో పసిపిల్ల పక్కకు ఒత్తిగిల్లినట్టు.

"బతికింది సార్," అంది మంజుల.

"ఎవరూ?" అంది గుడ్డ వెనక గంగమ్మ, ఉలిక్కిపడి.

"నువ్వేలేమ్మా. పడుకో."

కుట్లు అయ్యేదాకా కోదండపాణి అమ్మా, తల్లీ, నాన్నా తప్ప మరో మాట వాడలేదు. ఒక్కసారి జారినా వేళకు చేరదేమోనన్న భయం. ఇటు ఆయన చుట్టూ పీజీలు మూగి, తలుపు దగ్గర సిస్టర్లు చేరి, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆయనకు వాళ్ళు కనిపించలేదు. చొక్కా మాత్రం వాగులో మునిగి లేచినట్టుంది.

చేతులు కడుక్కుని మంజుల మళ్ళీ ఎదుటికొచ్చి నిలబడింది. తల దించుకుంది.

"సార్, సారీ సార్."

"దేనికి?"

"ఇన్నాళ్ళలో మీకు కోపం తెప్పించింది ఇవాళే కదా సార్. ఎప్పుడూ 'డాక్టర్ మంజుల గారూ' అని పిలిచేవారు. ఇవాళ గారు లేకుండా ఒట్టి 'మంజులా' అనేసరికి నా ప్రాణం పోయింది. చెయ్యి బిగుసుకుపోయింది. అంత గట్టిగా మీరు నన్నెప్పుడూ తిట్టలేదు సార్."

వెనకెక్కడో ఒక పీజీ కిసుక్కుమన్నాడు. కోదండపాణి నోరు తెరిచాడు. 'ఓసి గాడిదా, నా జన్మలో అంత ముద్దుగా ఎవరినీ పిలవలేదే' అన్నది నాలిక చివరిదాకా వచ్చింది. మూలన ఏ శుభలేఖ పూస్తుందోనని ఆగిపోయాడు.

"ఏమనుకోకమ్మా," అన్నాడు.

"లేదు సార్. తిడితేనే కదా నేర్చుకునేది."

రాత్రే నౌషాద్‌కు ఫోన్ చేశాడు. రెండు పనులు పురమాయించాడు. గీత మనిషితో పాటు జరిగేలా చెయ్యడం ఒకటి, జల్లెడ పూర్తిగా పీకెయ్యడం రెండోది. మంచం దగ్గరైనా సరే, థియేటర్లోనైనా సరే. తెల్లారేసరికి రెండూ చేస్తానని, చివర్లో వాడొక హెచ్చరిక చేశాడు.

"రేపట్నుంచి మీరేం అంటే అదే వినబడుతుంది సార్. ఆలోచించుకోండి."

"అదే నా బెంగ," అన్నాడు కోదండపాణి.

మర్నాడు పాఠానికి పెద్దాసుపత్రి పీజీలు పిలవకుండానే అందరూ వచ్చారు. కచేరీకి వచ్చినట్టు ముందు వరుస కోసం తోసుకున్నారు. ఖాళీ మంచం మీద గంగమ్మ ప్రత్యక్షమైంది. కాస్త కూర్చుని, గంజి ఎప్పుడిస్తారని సిస్టర్‌తో పేచీ పెట్టుకుంటోంది. మంజుల కేసు చెప్పడం మొదలుపెట్టింది. జ్వరం లేదు, కట్టు పొడిగా ఉంది, పొట్ట ఉబ్బు తగ్గింది.

"గాలి పోయిందా?" అన్నాడు కోదండపాణి. పేగు మేలుకుందో లేదో తెలియడానికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు. దాన్నిబట్టే గంజి.

మంజుల నాలిక కరుచుకుంది. "అడగలేదు సార్."

అడగకుండా వచ్చినవాడు దున్నపోతు. పీజీలందరూ ఊపిరి బిగబట్టారు. కోదండపాణి మొహం ఎర్రబడింది. కనుబొమ్మలు పైకి లేచాయి, దువ్వే దిక్కు లేక అక్కడే నిలబడ్డాయి. ఆయన నోరు తెరిచి, మూసి, గుటక మింగాడు. ఏదో చాలా పెద్ద వస్తువు గొంతు దిగుతున్నట్టు కనిపించింది.

"అడుగమ్మా," అన్నాడు చివరికి. "అడిగి చెప్పు."

పీజీలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అటు మంజుల గంగమ్మ వైపు వంగుతూ, పక్కనున్న సిస్టర్ చెవిలో రహస్యంగా అన్న మాట ఇటు అందరికీ స్పష్టంగా వినిపించింది.

"సారుకి నిన్నటి కోపం ఇంకా తగ్గలేదు సిస్టర్."